స్టార్టరు ఎటు నిలబడ్డాడు

ఆ పిల్లని ఇంట్లో మిడత అనేవాళ్లు. ఒంట్లో కాళ్లే ముందు పెరిగి, మిగతాదంతా వాటిమీద మొహమాటానికి కూర్చున్నట్టుండేది. నడవమంటే బద్ధకం, దూకమంటే హుషారు. వరండాలో బల్ల అడ్డంగా ఉంటే అందరూ చుట్టూ తిరిగి వెళ్లేవాళ్లు, తను మాత్రం మీంచి పోయేది. నాన్న అచ్చాఫీసులో మిషన్ మీద పని. ఇరవై ఏళ్లు ఆ రొదలో బతికి బతికి, మాట మెల్లగా చెప్పడమనేది ఆయన మర్చేపోయాడు. ఉప్పు అందుకోమన్నా చాటింపు వేసినట్టే. ఆయనకి వినబడాలని అమ్మా గట్టిగానే మాట్లాడేది, అక్కా గట్టిగానే మాట్లాడేది. కొత్తగా వచ్చినవాళ్లు లోపలేదో గొడవ జరుగుతోందనుకుని గుమ్మంలోనే ఆగిపోయేవాళ్లు.

బడిలో పరుగు పందెం పెడితే మిడతే మొదట. అందులో ఎవరికీ వింత కనబడలేదు. వింతల్లా ఆ పిల్ల అడిగే ప్రశ్నలు. గెలిచినవాళ్లు కప్పు పుచ్చుకుని ఇంటిదారి పడతారు. ఇది పోయి రెండో స్థానంలో వచ్చిన పిల్లని పట్టుకుని, మలుపులో భుజాలు అలా ఎందుకు బిగించావని ఆరా తీసేది. అవతలి పిల్ల అసలే ఓడిపోయిన ఉక్రోషంలో ఉండేది, ఇది ఎగతాళి అనుకుని ఏడుపు లంకించుకునేది. మిడతకి ఆ ఏడుపెందుకో కూడా తెలుసుకోవాలనిపించేది.

పద్నాలుగో ఏట క్రీడల హాస్టల్లో సీటొచ్చింది. అక్కడి కోచ్ ఒకప్పుడు ట్రిపుల్ జంపర్. మోకాలు పోయాక ఈ పనిలోకి వచ్చాడు. మాటలు పొదుపు. ఎండ గిట్టదు, అందుకని రోజూ ట్రాక్‌కి కుడివైపున్న స్టాండు నీడలో నిలబడి, రెండు చెక్కలు టప్పుమని కొట్టి పిల్లల్ని పరిగెత్తించేవాడు. ఆ చెక్కల చప్పుడుకి అందరికంటే ముందు లేచేది మిడతే. మూడేళ్లు తిరిగేసరికి వంద మీటర్లు పన్నెండు సెకన్ల దగ్గరికి దిగింది. ఈ పిల్ల ఎక్కడో ఉంటుందని కోచ్ తోటి కోచ్‌లతో అన్నాడట. ఆమెతో మాత్రం అనలేదు.

పదిహేడో ఏట జాతీయ జూనియర్ పోటీలకి వెళ్లింది. ఫైనల్లో ఆమెకి ఎనిమిదో లేన్ పడింది, కుడివైపు చిట్టచివరిది. స్టార్టరు ఎర్రకోటు తొడుక్కున్న పెద్దమనిషి. ఎడమవైపు, మైదానం లోపలి గడ్డి మీద నిలబడ్డాడు. అదే సమయానికి మైకులో ఎవరో పతకాలవాళ్ల పేర్లు చదువుతున్నారు. ఎనిమిది మందీ బ్లాకుల్లో పాదాలు పెట్టి మోకాళ్ల మీద వంగారు. సెట్ అన్నప్పుడు నడుములు పైకి లేవాలి, పిస్తోలు పేలాక పరిగెత్తాలి. నడుములు లేచాయి, ఏడే లేచాయి. మిడత మోకాలు నేలమీదే ఉంది.

స్టార్టరు అందర్నీ నిలబెట్టి, ఆలస్యం చేసినందుకు ఆమెకి పసుపు కార్డు చూపించాడు. మళ్లీ వంగారు. ఈసారి పక్క లేన్ పిల్లని ఓరకంట కనిపెట్టుకుని ఉండి, ఆ పిల్ల లేవడం చూసి తనూ గబుక్కున లేచింది. ఆ కంగారులో తూలింది. అందరూ రాళ్లలా నిలిచాక ఆమె ఒక్కతే ఇంకా ఊగుతోంది. ఇప్పుడు ఎర్ర కార్డు. మిగతా ఏడుగురూ పరిగెడుతుంటే ఆమె బూట్లు చేత్తో పట్టుకుని గోడ పక్కనుంచి చూసింది. స్టాండులో ఎవరో, పాపం నిద్రపోయినట్టుంది అన్నారు, చుట్టుపక్కలవాళ్లు నవ్వారు.

బస్సులో కోచ్, భయపడ్డావు కదూ అన్నాడు.

"లేదు సార్. ఆయన సెట్ అనలేదు."

"ఏడుగురికి అని, నీకొక్కదానికే అనలేదా?"

కోచ్ వెటకారానికి అన్నాడు. మిడత దాన్ని అసలైన ప్రశ్నలాగే తీసుకుంది. ఏడుగురికి అన్నవాడు తనకెందుకు అనలేదు? హాస్టల్ చేరేదాకా ఇంకో ఆలోచన లేదు. ఏడవడం కూడా మర్చిపోయింది.

ఒక నోటుపుస్తకం తీసి, అప్పటిదాకా పరిగెత్తిన పందేల్లో గుర్తున్నవన్నీ రాసింది. ఏ లేను, ఏ బూట్లు, గాలి ఎటునుంచి, ముందు రోజు నిద్ర పట్టిందా, బ్లాకుల్లోంచి లేవడం బాగుందా లేదా. పదకొండు పందేలు తేలాయి. అంతా కలగాపులగం, తలాతోకా లేదు. ఊరికే పేజీ నిండడానికన్నట్టు చివర స్టార్టరు ఎటు నిలబడ్డాడో కూడా రాసింది. రాశాక నోరెళ్లబెట్టింది. స్టార్టరు కుడివైపున్న ఐదు పందేల్లో ఆమె లేవడం బాగుంది. ఎడమవైపున్న ఆరింటిలోనూ బాలేదు.

కోచ్‌కి చూపిస్తే, పుస్తకం మూసి నీళ్లు తాగి రమ్మన్నాడు. మిడత పట్టిన పట్టు వదిలే రకం కాదు. గదిలో తనతోపాటు ఉండే లాంగ్‌జంప్ పిల్లని బతిమాలి ఎడమవైపు నిలబెట్టి, సెట్ అనిపించి చెక్కలు కొట్టించింది. సెట్‌కి లేవడం నిజంగానే ఆలస్యం. కొట్టిన పిల్లకే తెలిసిపోయేంత ఆలస్యం. దాంతో మిడత తన ఎడమకాలు మొద్దుదని తీర్మానించింది. బ్లాకుల్లో కాళ్లు తారుమారు చేసింది. ఎడమ బూటుకి లేసులు వదులు చేసింది, మర్నాడు బిగించింది. వారం రోజులు పొద్దున్నే ఒంటికాలి మీద హాస్టల్ మెట్లెక్కింది. వార్డెనమ్మ చూసి, కాలికేమైందమ్మా అని కంగారు పడింది. కాలికేమీ కాలేదు. కాలిదసలు తప్పే లేదు.

అసలు సంగతి ఒక ఆదివారం మధ్యాహ్నం బయటపడింది. భోజనాలయ్యాక గంటసేపు అందరూ పడుకుని తీరాలన్నది హాస్టల్ రూలు. ఆ గదిలో రెండు ఇనప మంచాలు, మధ్య ఒక చెక్క స్టూలు, కిటికీకి ఆరేసిన తువ్వాళ్లు. మిడత కుడిపక్కకి తిరిగి గోడవైపు మొహం పెట్టి పడుకుంది. లాంగ్‌జంప్ పిల్ల ఏదో అడిగింది. బదులు రాలేదు. మళ్లీ అడిగింది. మూడోసారి ఒళ్లు మండి, ఉండచుట్టిన సాక్సు విసిరింది. అది వీపుకి తగిలి మిడత లేచింది.

పలకవేమే, అంత పొగరేంటని లాంగ్‌జంప్ పిల్ల దెబ్బలాటకి దిగింది. మిడతకి ఆశ్చర్యమేసింది. "కుడిపక్కకి తిరిగి పడుకున్నాక ఎలా వినబడుతుంది? నిద్రపోయేటప్పుడు అందుకే కదా అటు తిరుగుతాం."

లాంగ్‌జంప్ పిల్ల ఆమెని ఎగాదిగా చూసింది.

"నాకు ఎటు తిరిగినా వినబడుతుంది."

ఇద్దరూ మంచాల మీద లేచి కూర్చున్నారు. కుడిపక్కకి తిరిగితే లోకం ఆగిపోతుందనీ, అది కళ్లు మూస్తే చీకటి పడ్డట్టే అందరికీ మామూలనీ మిడత ఇన్నేళ్లూ అనుకుంది. ఎవరినీ అడగలేదు. ప్రపంచంలో ప్రతిదాన్నీ అడిగిన పిల్లకి ఈ ఒక్కటీ అడగాలని తోచలేదు. కుడి చెవిలో వేలు గట్టిగా పెట్టుకోమంది లాంగ్‌జంప్ పిల్ల. పెట్టుకుంది. ఎదురుగా ఆ పిల్ల పెదాలు కదిలాయి, చేతులు ఆడాయి, కనుబొమ్మలు లేచాయి. మాట మాత్రం లేదు. వేలు తీసి, ఏమన్నావని అడిగింది.

"నీ కొత్త టోపీ పోగొట్టింది నేనేనని చెప్పాను."

ఆ సాయంత్రమంతా మిడత ఆ వేలితోనే తిరిగింది. కుళాయి దగ్గర నిలబడి చెవి మూసి నీళ్లని చూసింది, తెరిచి విన్నది. మెట్ల మీద, వంటగది గుమ్మంలో, పిల్లలు బంతి కొట్టుకునే గోడ దగ్గర అదే పని. భయం లేకపోలేదు. కానీ తన ఒంట్లో ఇన్నేళ్లుగా తాళం పడి ఉన్న గది ఒకటి ఉందని ఇప్పుడే తెలిస్తే, భయం కంటే ముందు ఆ తలుపు దగ్గరికి పోయి చూడాలనే ఉంటుంది.

ఆసుపత్రిలో చెవుల డాక్టరమ్మ ఆమెని నాలుగు గోడలకీ మెత్తటి గుడ్డ వేసిన చిన్న గదిలో కూర్చోబెట్టి, తలకి హెడ్‌ఫోన్ తగిలించి, చేతికొక బటను ఇచ్చింది. చప్పుడు వినబడ్డప్పుడల్లా నొక్కాలి. కుడి చెవికి వరసగా నొక్కింది. ఆ తర్వాత ఏమీ రాలేదు. మిషన్ పాడైందేమో, బయటివాళ్లు బాగుచేస్తున్నారేమోనని ఓపిగ్గా కూర్చుంది. మిషన్ బాగానే ఉంది. అప్పుడు పరీక్షిస్తున్నది ఎడమ చెవిని.

లోపలి నరం చచ్చిపోయిందనీ, చిన్నప్పుడు గవదబిళ్లలొస్తే కొందరికి ఇలా అవుతుందనీ, వినికిడి మిషన్ పెట్టినా ఉపయోగం ఉండదనీ డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ఇన్నేళ్లు ఇంట్లోవాళ్లకి ఎలా తెలియలేదమ్మా అని అడిగింది. మా ఇంట్లో అందరూ అరుస్తారండీ అంది మిడత.

ఇంటికెళ్లి చెప్పేసరికి అమ్మ కుట్టుమిషన్ మీద ఉంది. పెడలు మీద కాలు ఆగిపోయింది. ఐదో ఏట తొమ్మిది రోజులు జ్వరం, దవడలు రెండూ బూరెల్లా వాచిపోవడం, అంతా ఆవిడకి గుర్తుంది. వాపు తగ్గింది, పిల్ల లేచి తిరిగింది, ఆ సంగతి అక్కడితో మర్చిపోయారు. ఆ తర్వాత పన్నెండేళ్లు తను ఈ పిల్లని ఏమని తిట్టిందో ఆవిడకి ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. నా మాటంటే లెక్కలేదు, నేనేం చెప్పినా పెడచెవిన పెడతావు, పిలిస్తే పలకవు.

అక్క సంగతి ఇంకోలా ఉంది. భోజనానికి కూర్చుంటే మిడతకి ఎడమవైపు ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. నాన్న, అమ్మ, తను, అందరూ ఎప్పుడూ కుడివైపే. అటు కూర్చుంటే నువ్వు బదులు చెప్పవు కదా అని మేమే ఇటు జరిగిపోయాం, ఎందుకో ఆలోచించలేదు అంది అక్క. ఇల్లంతా ఒక పిల్ల చెవి చుట్టూ సర్దుకుని కూర్చుంది, అందులో ఎవరికీ ఆ సంగతి తెలియదు.

నాన్న అంతా విని, కాసేపు మీసం దువ్వుకుని, ఎప్పటిలాగే వీధివీధంతా వినబడేట్టు అన్నాడు. "ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేసే సౌకర్యం దీనికి లేదన్నమాట. విన్నదంతా లోపలే ఉండిపోతుంది. అందుకే ఇన్ని ప్రశ్నలు." మిడత నవ్వింది. అక్కా నవ్వింది. అమ్మ మాత్రం నవ్వలేదు. లేచి వచ్చి కూతురి ఎడమ చెవి తమ్మె వేళ్లతో పట్టుకుని, అక్కడేదో కనబడుతుందన్నట్టు వెలుతురుకి తిప్పి చూసింది.

"నీ తప్పేం లేదమ్మా" అంది మిడత.

"తప్పని కాదే. నేను కనిపెట్టి ఉండాల్సింది."

కోచ్ డాక్టరమ్మ ఇచ్చిన గీతల కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, మడిచి ఇచ్చేశాడు. మర్నాడు పొద్దున ట్రాక్ మీదికొస్తే, ఎండ గిట్టని మనిషి ఎడమవైపు నడి ఎండలో చెక్కలు పట్టుకుని నిలబడున్నాడు. ఎంత ఆలస్యమవుతోందో కొలుద్దామన్నాడు. వారం కొలిచారు. చెక్కల దెబ్బకి పెద్ద తేడా లేదు, ఆ చప్పుడు తల చుట్టూ తిరిగి కుడి చెవికి చేరుతుంది. తేడా అంతా మెల్లగా అనే మాటతోనే. సెట్ అన్నది అందక పక్కవాళ్లని చూసి లేవడం, లేచి కుదురుకునేలోపు పిస్తోలు పేలడం. ఆ కాస్తలోనే వంద మీటర్ల పందెం చేజారిపోతోంది.

పెద్ద పోటీల్లో ప్రతి బ్లాకు వెనకా స్పీకరు ఉంటుంది కాబట్టి చిక్కు లేదు. చిన్న పోటీల్లో స్పీకర్లుండవు, అక్కడ నెగ్గితేగానీ పెద్దవాటికి పోనివ్వరు. స్టార్టరుని ఆమెకి కుడివైపు నిలబెట్టమని కోచ్ నిర్వాహకులకి ఉత్తరాలు రాశాడు. కొందరు సరేనన్నారు, కొందరు రూల్లో లేదన్నారు. ఒక పోటీలో ఆ ఎర్రకోటు పెద్దమనిషే మళ్లీ స్టార్టరు. పందెం ముందు తనంతట తానే ఎనిమిది లేన్లూ దాటి ఆమె దగ్గరికి నడిచొచ్చాడు. సంగతి తెలిసిందనీ, ఆ రోజు కార్డు చూపించడం రూలు ప్రకారం సరేగానీ తనకది బాగా అనిపించడం లేదనీ అన్నాడు. "ఎక్కడ నిలబడమంటావో చెప్పమ్మా" అని అడిగాడు. మిడత చూపించింది. ఆ రోజు గెలిచింది కూడా.

అయితే అందరు స్టార్టర్లూ ఆయనలా ఉండరు. పంతొమ్మిదో ఏట కోచ్ తేల్చి చెప్పేశాడు, వంద మీటర్లు వదిలేసి నాలుగు వందల మీటర్ల హర్డిల్స్‌కి రమ్మని. అంత పొడుగు పందెంలో మొదట్లో పోయిన వెంట్రుకవాసి లెక్కలోకి రాదు, పైగా ఈ కాళ్లు దూకడానికే పుట్టాయి. ఇన్నేళ్ల వందని వదలడమంటే మిడతకి రెండ్రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు హర్డిల్ పక్కన కూర్చుని దాని ఎత్తు కొలిచింది. నాలుగో రోజుకి ప్రశ్నలు మొదలయ్యాయి.

హర్డిల్స్ పరుగంతా అడుగుల లెక్క. పది హర్డిళ్లు, ఒక్కోదానికి మధ్య ముప్ఫై ఐదు మీటర్లు. ఆ మధ్యలో బేసి సంఖ్యలో అడుగులు పడితే ప్రతిసారీ ఒకే కాలు ముందు లేస్తుంది. సరి సంఖ్యలో పడితే ఒక హర్డిల్‌కి ఎడమకాలు, తర్వాతిదానికి కుడికాలు లేవాలి. చాలామందికి ఒక్క కాలే అలవాటు. మిడతకి పదిహేడు సులువుగా పడేవి. పదహారు పడితే ఇంకా వేగం. కానీ ఆమె కుడికాలి దూకుడు నమ్మదగ్గది కాదు, పడితే పళ్లు రాలతాయి. పదిహేడే ఖాయం, పదహారు ఊసెత్తొద్దన్నాడు కోచ్. ఏటా ఒకసారి ఆమె ఎత్తేది. ఏటా ఆయన అదే మాట అనేవాడు.

ఇరవై మూడో ఏట జాతీయ పోటీల ఫైనల్లో పదో హర్డిల్ అందరికంటే ముందు దాటింది. గెలిచాననుకుని భుజాలు వదులు చేసింది. ఎడమవైపు లేన్లో ఒకామె అడుగుల చప్పుడుతో, ఎగరొప్పుతో దూసుకొస్తోంది. స్టాండులో కూర్చున్నవాళ్లకి సైతం వినబడిన ఆ రొప్పు మిడతకి వినబడలేదు. గీత దగ్గర బెత్తెడు తేడాతో ఓడిపోయింది. పత్రికలవాళ్లు చెవి సంగతి కూపీ లాగి జాలి కథ రాయబోతే కోచ్ అడ్డుపడ్డాడు. గీత దాటేదాకా పరిగెత్తాలన్నది రెండు చెవులున్నవాళ్లకీ రూలే అన్నాడు. మిడతకి ఆ మాట గుచ్చుకుంది, అందులో న్యాయమూ కనబడింది. మరుసటి ఏడు అదే ఫైనల్లో గీత దాటాక కూడా ఇంకో ఇరవై గజాలు అదే వేగంతో పోయి, ఫొటోగ్రాఫర్ల మధ్యలోకి దూసుకెళ్లి ఆగింది. ఆ ఏడూ, ఆ తర్వాత మరో రెండేళ్లూ పతకం ఆమెదే.

ఖండం స్థాయి పోటీలకి రెండుసార్లు వెళ్లింది, ఒకసారి ఐదో స్థానం. ప్రపంచ పోటీల అర్హత సమయం సెకనులో పదోవంతు తేడాతో తప్పిపోయింది. ఆ పదోవంతు గురించి ఎవరైనా అడిగితే విసుక్కునేది, తనలో తను మాత్రం చాలాసార్లు తలుచుకునేది. ఈలోగా నీటి సరఫరా ఆఫీసులో, ఫోన్లో ఫిర్యాదులు రాసుకునే ఉద్యోగం వచ్చింది. అక్కడ ఆమె కుర్చీని గది ఎడమ గోడకి ఆనించుకుంది, మాట్లాడేవాళ్లంతా కుడివైపు నుంచే రావాలి. ఇరవై ఎనిమిదో ఏట మడమ పైన నరం నొప్పి మొదలైంది. సూదులు, కట్లు, విశ్రాంతి. తగ్గేది, తిరగబెట్టేది. ముప్ఫయ్యో ఏట ఇక చాలనుకుంది.

చివరి పందెం ఒక మామూలు పోటీ. గెలిచినా ఓడినా పెద్ద తేడా లేదు. పిస్తోలు పేలింది. మొదటి హర్డిల్ ఎడమకాలితో దాటింది. రెండోదానికి కుడికాలు లేచింది. గట్టున కోచ్ స్టాప్‌వాచ్ పట్టుకున్న చెయ్యి కిందికి జారింది. మూడోదానికి ఎడమ, నాలుగోదానికి కుడి. పదహారు అడుగులు, పదకొండేళ్లు ఎత్తొద్దన్న పదహారు. ఐదో హర్డిల్ దగ్గర ఆమె తన పాత పరుగులన్నిటికంటే ముందుంది, దాదాపు అర సెకను. ఏడోదాకా అలాగే పోయింది. ఎనిమిదోదానికి కాలు బరువెక్కి అడుగు తప్పింది, హర్డిల్‌ని తన్ని తూలింది. తొమ్మిది, పది ఎలాగోలా దాటింది. ఆరో స్థానంలో వచ్చింది.

గడ్డి మీద వెల్లకిలా పడుకుని రొప్పుతుంటే కోచ్ కుంటుకుంటూ వచ్చి, ఆమెకి కుడివైపు కూర్చున్నాడు. స్టాప్‌వాచ్ చూపించాడు. ఐదో హర్డిల్ దగ్గర బటను నొక్కాలని ఆయనకి ఎలా తట్టిందో మరి, నొక్కాడు. ఆ అంకెని ఇద్దరూ చూశారు.

"ఆ రోజుల్లోనే నీకిది చేయనివ్వాల్సిందేమో" అన్నాడు.

"అప్పుడు చేసుంటే పడేదాన్నేమో సార్. ఏమో, అదీ తెలీదు" అంది మిడత. ఆ మాట బాధగా అనలేదు. ఊపిరి ఇంకా అందడం లేదు గానీ, ఏడో హర్డిల్ దాటాక కాలు ఎందుకు బరువెక్కిందో వెతకడం అప్పటికే మొదలుపెట్టింది. మలుపులో వంగిన తీరా, మడమా, లేకపోతే నాలుగోదాని దగ్గర మరీ ఎత్తుకి ఎగరడమా. కోచ్ నాలుగోదే అన్నాడు. ఆమె కాదంది. మైదానం తుడిచేవాళ్లు వచ్చి హర్డిళ్లు ఎత్తేదాకా ఇద్దరూ అక్కడే కూర్చుని వాదించుకున్నారు.

ఇప్పుడు అదే ట్రాక్ మీద ఆఫీసు ముందూ తర్వాతా మిడతే హర్డిల్స్ నేర్పుతుంది. మొదటి వారం నుంచీ పిల్లలకి రెండు కాళ్లూ నేర్పిస్తుంది. పాత కోచ్ పింఛను తీసుకుంటూ స్టాండు నీడలో కూర్చుని, అలా నేర్పితే ఒక్క కాలూ సరిగ్గా రాదని రోజూ సణుగుతాడు. ఈ సంగతి ఇంకా తేలలేదు. మిడత దగ్గర నేర్చుకునే పిల్లల్లో ఒకరు పదహారు అడుగులతో పరిగెడుతున్నారు, ఇంకొకరు పదిహేడుతో. ఇద్దరి అంకెలూ ప్రస్తుతానికి ఒకేలా ఉన్నాయి.